మేడ మీది పోటు తొట్టి: ఒండ్రు లెక్కల డైరీ

జూన్ 22

ఈ రోజు తొట్టి మేడ మీదికి చేరింది. చెన్నై కొళత్తూరు అలంకార చేపల బజారులో పాత సరుకు అమ్మే దుకాణంలో దొరికిన గాజు తొట్టి ఇది. పొడవు 120, వెడల్పు 45, ఎత్తు 45 సెంటీమీటర్లు. మట్టి, నీరు చేరితే బరువు నూట యాభై కిలోలు దాటుతుంది కనుక ఇంటివారిని అడిగి, కింద దూలం ఉన్న చోటునే ఎంచుకుని, ఇటుకల మీద పలక పరిచి నిలబెట్టాము. ఈ పనిలో నాకు తోడు మా అన్నయ్య కూతురు. ప్లస్ వన్ చదువుతోంది, ప్రశ్నలు అడగడంలో నాకంటే ఒక తరగతి పైనే ఉంటుంది.

చూడదలచుకున్నది సముద్రపు పోటు తగిలే మంచినీటి చిత్తడిలో ఒండ్రు ఎలా పేరుకుంటుందన్నది. నది చివరి భాగంలో ఉప్పు చేరని చోట కూడా, సముద్రపు పోటు నదినీటిని వెనక్కి నెట్టి రోజుకు రెండుసార్లు మట్టాన్ని పెంచి తగ్గిస్తుంది. అక్కడ నేల మీదికి ఎక్కేది నదినీరే, ఎక్కించేది మాత్రం సముద్రం. లీటరుకు అర గ్రాము లోపు ఉప్పు ఉన్నంతవరకు దాన్ని మంచినీటి చిత్తడిగానే లెక్క వేస్తారు. అమెరికాలో చెసపీక్ అఖాతంలో కలిసే నదులు, డెలావేర్, హడ్సన్, ఐరోపాలో బెల్జియం మీదుగా పారే షెల్ట్, జర్మనీలోని ఎల్బ నదుల వెంట ఇవి విస్తారంగా ఉన్నాయి.

చెన్నైలో అటువంటి చోటు వెదుక్కోవడం వృథా. అడయారు, కూవం చిన్న నదులు. వాటిలో వాననీటి ప్రవాహం ప్రధానంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా సాగే ఈశాన్య రుతుపవనాలనే నమ్ముకుని ఉంటుంది. ఇక్కడి సముద్రంలో పౌర్ణమి, అమావాస్యలకు కూడా పోటు మట్టానికీ, నీరు దిగిన పాటు మట్టానికీ తేడా సుమారు ఒక మీటరే, పైగా ఎండాకాలంలో తీరం వెంట కదిలే ఇసుక మేట వేసి నదులు సముద్రంలో కలిసే మొగలను మూసేస్తుంది. 2022లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడుల రామ్‌సర్ జాబితాకెక్కిన పళ్లికరణై చిత్తడి మా వేళచ్చేరికి పక్కనే ఉన్నా, దాని నీరు ఒక్కియం మడువు దాటి బకింగ్‌హామ్ కాలువ మీదుగా కోవళం మొగను చేరే దారి పొడుగైనది. అందుకే చిత్తడిని మేడ మీదే కట్టుకోవాలనుకున్నాము.

జూలై 3

మట్టి కోసపేటలో బొమ్మలు చేసేవారి దగ్గర కొన్నాము. పాత పంచెలో వేసి నీళ్లలో పిండి, ఇసుకను వేరు చేశాక మిగిలిన చిక్కటి నీటిని ఆరనిస్తే వేలికి అంటుకునే మెత్తటి బంక మన్ను వచ్చింది. తొట్టి ముందువైపు నీరు వచ్చిపోయే ఒక చిన్న కయ్య (కాలువ), అక్కడి నుంచి వెనక్కి పోతున్నకొద్దీ ఎత్తు పెరిగే నేల. పోటు నిండినప్పుడు కయ్య అంచున పన్నెండు సెంటీమీటర్ల నీరు, వెనుక గట్టు మీద నాలుగు సెంటీమీటర్ల నీరు నిలిచేలా వాలు దిద్దాము.

పోటు కోసం మొదట తేలిక ఉపాయమే పట్టాము: రెండు వందల లీటర్ల నీలం డ్రమ్ములో చేపల తొట్టికి వాడే చిన్న పంపు, అది నడిచినంతసేపు నీరెక్కడం, ఆగగానే అదే గొట్టంలోంచి వెనక్కి దిగడం. రెండో రోజుకే గొట్టం మూతి దగ్గర నేలకు చెయ్యి దూరేంత గుంట పడింది. ఎక్కే నీరూ దిగే నీరూ ఒకే రంధ్రంలో పడితే, అక్కడ వేగం వల్ల కోసుకుపోవడం తప్ప పేరుకోవడం జరగదు.

దీనికి మందు బెల్జియంలోని లిప్పెన్‌బ్రూక్‌లో దొరికింది. షెల్ట్ నది మంచినీటి భాగంలో, కట్ట వెనుక ఉన్న వ్యవసాయ భూమిని 2006లో మళ్లీ పోటుకు అప్పగించినప్పుడు, అక్కడి ఇంజనీర్లు నీరు లోపలికి రావడానికి కట్టలో ఎత్తున ఒక తూము, బయటికి పోవడానికి అడుగున మరొక తూము పెట్టారు. నదిలో పోటు తేడా చాలా పెద్దది, పాత పొలం చాలా పల్లంలో ఉంది. ఎత్తు తూము వల్ల పోటు కొస మాత్రమే లోపలికి వచ్చి, పొలం మునిగిపోకుండా రోజుకు రెండుసార్లు తడుస్తుంది. ఆ పద్ధతినే కుదించాము. పంపు గొట్టాన్ని పైన గాజు పలక మీద పడేలా పెట్టి, కయ్య అడుగున మోటారు వాల్వు ఒకటి బిగించాము. పావుగంట గళ్లున్న మర టైమర్లు రెండు. ఐదు గళ్లు నీరు ఎక్కుతుంది, రెండు గళ్లు నిలకడ, ఐదు గళ్లు దిగుతుంది. మూడు గంటలకొక పోటు, రోజుకు ఎనిమిది.

జూలై 16

తొలి విడత పది రోజులు, ఎనభై పోట్లు, ముగిసింది. డ్రమ్ములో లీటరుకు సుమారు 200 మిల్లీగ్రాముల మన్ను ఉండేలా రోజూ కలుపుతూ వచ్చాము. లీటరు నీటిని గిన్నెలో ఇగరబెట్టి, అడుగున మిగిలినది తూచి, అందులో నీటి ఉప్పు భాగాన్ని తీసివేయడమే కొలత. నేల మీద పది సెంటీమీటర్ల చదరపు పింగాణీ పలకలు మూడు పెట్టాము: ఒకటి కయ్య అంచున, ఒకటి మధ్యలో, ఒకటి వెనుక గట్టు మీద. ఆరబెట్టి తూచితే వాటి మీద వరసగా 9.8, 7.1, 3.6 గ్రాములు వచ్చాయి.

నాకు సంతోషం కలిగింది, అమ్మాయికి అనుమానం కలిగింది. "బాబాయ్, అంత సన్న మన్ను అరగంటలో ఎలా దిగింది?" అని కాగితం తెచ్చుకుంది. నీటిలో రేణువు దిగే వేగాన్ని చెప్పే స్టోక్స్ సూత్రం ప్రకారం, ఇక్కడి వెచ్చటి నీటిలో రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) బంక రేణువు గంటకు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లే దిగుతుంది, ఇరవై మైక్రాన్ల ఒండ్రు రేణువు మాత్రం గంటకు మీటరున్నర పైగా దిగుతుంది. వేగం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది గనుక పది రెట్ల లావుకు వంద రెట్ల వేగం. మా నిలకడ అరగంటే, మా మన్నులో ఎక్కువ పాలు బంకే. కనుక పలకల మీద ఇంత బరువు రాకూడదు.

దోషం నీటిదని రాత్రికి గాని తట్టలేదు. మేము వాడినది బోరు నీరు. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెడితే లీటరుకు 1380 మిల్లీగ్రాములు చూపింది. మంచినీటి చిత్తడి అని పేరు పెట్టుకుని, ఆ హద్దుకు రెండింతల పైగా లవణాలున్న నీటిని నడిపామన్నమాట. బంక రేణువుల పైన రుణావేశం ఉంటుంది కనుక అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీటిలో తేలుతాయి. నీటిలో కాల్షియం, మెగ్నీషియం, సోడియం వంటి ధనావేశపు అయాన్లు పెరిగితే ఆ నెట్టుడు తగ్గి, రేణువులు తగులుకుని గుత్తులు కడతాయి. గుత్తి లోపల నీరుంటుంది గనుక సాంద్రత తక్కువే, అయినా లావు వందల మైక్రాన్లకు చేరుతుంది కాబట్టి వేగంగా కిందికి దిగుతుంది. నదీముఖాల్లో ఉప్పునీరు తగిలిన చోట బురద ముద్దలు కట్టడానికి ఇదే కారణం. మేము చిత్తడిని కట్టామనుకుని మొగను కట్టాము.

మర్నాడు మూడు సీసాలతో సరిచూశాము. ఒకే మన్నును బోరు నీటిలో, వాన నీటిలో, చిటికెడు ఉప్పు వేసిన వాన నీటిలో కలిపి పెట్టాము. ఒకటి, మూడు సీసాలు గంటలో తేటపడ్డాయి. రెండోది మూడో రోజుకు కూడా పాలు కలపని కాఫీ డికాక్షనులా ఉన్నది.

ఆగస్టు 9

2003లో తమిళనాడులో వాననీటి సేకరణను తప్పనిసరి చేసిన నాటి నుంచి ఉన్న గొట్టాలు మా మేడకూ ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని మళ్లించి, జూలై చివరి సాయంత్రాల ఉరుము వానల్లో రెండు డ్రమ్ములు నింపాము. టీడీఎస్ 55. తొట్టిని కడిగి, నేలను తిరిగి దిద్ది, రెండో విడత మొదలుపెట్టాము.

ఈసారి పలకలతో పాటు గుర్తు పొర కూడా వేయాలనుకున్నాము. చిత్తడుల్లో పనిచేసేవారు నేల మీద ఫెల్డ్‌స్పార్ అనే తెల్లటి రాతి పొడి చల్లి, కొన్ని నెలల తరువాత చిన్న గొట్టంతో కోత తీసి, తెల్ల గీత మీద ఎంత మన్ను చేరిందో కొలుస్తారు. ఇంట్లో ముగ్గుపిండి ఉండగా వేరే తెల్ల పొడి ఎందుకన్నది అమ్మాయి వాదన, నాకూ ముచ్చటగానే తోచింది. రెండో రోజు సాయంత్రానికి తొట్టి నీరు అనుమానాస్పదంగా తేటపడింది. మీటరు 170 చూపింది. పిండి మీద నిమ్మరసం పిండితే బుస్సుమని పొంగింది. అందులో ఉన్నది సున్నపురాయి పొడి, అది కరిగి నీటిలోకి కాల్షియం వదిలి మళ్లీ మన్నును గుత్తులు కట్టిస్తోంది. నీరంతా పారబోశాము. పింగాణీ పనివారికి ముడిసరుకు అమ్మే చోట ఫెల్డ్‌స్పార్ కిలో కొన్నాము. గుమ్మం ముందుండవలసిన ముగ్గు గుమ్మం ముందుకే వెళ్లింది.

ఆగస్టు 24

వాన నీటితో ఎనభై పోట్లు పూర్తయ్యాయి. పలకల మీద 2.6, 1.1, 0.3 గ్రాములు. ఒండ్రు రేణువులు కయ్య దాటగానే దిగిపోయాయి, బంక మాత్రం ఎక్కిన నీటితోనే దిగివచ్చింది.

సూత్రానికి ఇది సరిపోయింది కానీ ప్రపంచానికి సరిపోలేదు. నిజమైన మంచినీటి పోటు చిత్తడులు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల నుంచి ఒక్కోచోట సెంటీమీటరు దాకా ఎదుగుతాయి. ఐదు మిల్లీమీటర్లే అనుకుందాము. పన్నెండు గంటల ఇరవై ఐదు నిమిషాలకొక పోటు చొప్పున ఏడాదికి సుమారు 705 పోట్లు. అన్నీ నేలను తాకుతాయనుకున్నా, పోటుకు ఏడు మైక్రాన్లు, అంటే తలవెంట్రుక మందంలో పదో వంతు. చూడడానికి అది స్వల్పమే, అయినా అందులో పెద్ద భాగం ఉప్పు సాయం లేని చోట బంక మన్నుతో జరుగుతోంది. పోటు వేగంగా, కొద్దిసేపు ఎక్కి, పాటు మెల్లగా, ఎక్కువసేపు దిగే నదుల్లో బురద పైకి నెట్టుకుపోయి మంచినీటి భాగంలో చిక్కదనం పెరుగుతుందన్నది నిజమే. కానీ చిక్కదనం పెరిగినంత మాత్రాన విడి రేణువు త్వరగా దిగదు. దించేది ఇంకేదో ఉండాలి.

ఆ సంగతి మా అమ్మ దగ్గర ఉన్నది. తొట్టి చూడడానికి మేడ ఎక్కి, "వరద నీళ్లకు చిల్లగింజ అరగదీయాలిరా" అన్నది. గోదావరి ఒడ్డున ఆమె చిన్నతనంలో, ఎర్రనీళ్లు వచ్చే రోజుల్లో కుండ లోపల చిల్లగింజను సాది నీళ్లు పోస్తే తెల్లవారేసరికి తేరుకునేవట. తమిళులు దాన్నే తేత్తాన్ కొట్టై అంటారు, మైలాపూరు మూలికల కొట్టులో దొరికింది. వాన నీటి సీసాలో వేస్తే రెండు గంటల్లో పని చేసింది. గింజలోని జిగురు గొలుసుల్లాంటి పదార్థాలు రేణువులను ముడివేస్తాయి. ఉప్పు లేదు, సున్నం లేదు, జిగురే. చిత్తడిలో ఆ జిగురును ఎవరు తయారుచేస్తారని అడిగితే, వారం నుంచి మేము రోజూ గీకి పారేస్తున్న పాచి గుర్తుకు వచ్చింది.

సెప్టెంబరు 5

గీకడం మానేశాము. తొట్టిని పొడవునా సన్నటి ప్లాస్టిక్ పలకతో రెండు దారులుగా విడదీసి, ఎడమ దారిలో జమ్ము, తుంగ నాటాము. మొక్కలు నీటి మొక్కలు అమ్మే నర్సరీలో కొన్నవి. పళ్లికరణై రక్షిత అటవీ భూమి, అక్కడి నుంచి కాడ కూడా తీయకూడదు. జమ్మును ఇక్కడ సంబు అంటారు, రెండు మాటలూ ఒక తల్లి బిడ్డలే కాబోలు. కుడి దారి ఖాళీగా వదిలి, రెండు దారుల్లోనూ ఫెల్డ్‌స్పార్ పొర చల్లాము.

నేల ఎత్తు కొలవడానికి ఒక చిన్న సాధనం కూడా చేసుకున్నాము. చిత్తడుల్లో, ఇక దిగదు అన్నంత లోతుకు కడ్డీ దించి, దాని మీద అడ్డంగా చెయ్యి బిగించి, ఆ చేతిలోని తొమ్మిది పుల్లలను నేలను తాకేదాకా జారవిడిచి, నాలుగు దిక్కుల్లో ముప్పై ఆరు కొలతలు తీసుకుంటారు. మా తొట్టికి గాజు అంచే కడ్డీ. అల్యూమినియం పట్టీకి తొమ్మిది రంధ్రాలు వేయించి సైకిలు చువ్వలు దించాము. చువ్వ కొన మన్నులో దిగబడుతుంటే దానికి చొక్కా గుండీ అంటించాము.

సెప్టెంబరు 30

మొక్కలు నిలదొక్కుకోవడానికి రెండు వారాలు వదిలి, పదహారో తేదీన కొత్త పలకలు పెట్టాము. నేల మీద ఆకుపచ్చ, గోధుమ రంగు పొర పట్టింది. డ్రమ్ము నీటిలో కంటికి కనిపించే నలకలు తిరుగుతున్నాయి. టీడీఎస్ 90 దాటలేదు.

ఎనభై పోట్లకు ఖాళీ దారిలో 4.9, 3.2, 1.2 గ్రాములు. జమ్ము దారిలో 6.4, 3.3, 0.9.

ఈ ఆరు అంకెల ముందు చాలాసేపు కూర్చున్నాము. నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు మొక్కలు జల్లెడలా మన్నును పడతాయని, ఎంత దట్టంగా ఉంటే అంత ఒండ్రు అని నమ్మి ఉన్నాను. మా తొట్టి మట్టుకు అలా చెప్పడం లేదు. ఎంత దిగాలన్నది ప్రధానంగా పాచి తేల్చింది. మొక్క లేని దారిలోనే మూడు పలకలూ ఆగస్టు కంటే దాదాపు రెండు నుంచి నాలుగు రెట్లు పెరిగాయి. మొక్క తేల్చినది ఎక్కడ దిగాలన్నది. కాడలు నీటి వేగాన్ని కయ్య అంచునే విరిచి మన్నును అక్కడే దింపుకున్నాయి, వెనుక గట్టుకు మిగిలింది ఖాళీ దారి కంటే తక్కువ. నిజమైన చిత్తడుల్లో కయ్యల వెంట కాస్త ఎత్తైన గట్టు, లోపల పల్లం ఏర్పడే తీరు ఇదే. పలకల లెక్కకు రానిది కూడా ఒకటి ఉన్నది. ఇరవై కాడలను కోసి కడిగితే వాటికి అంటుకున్న మన్ను 1.7 గ్రాములు తేలింది. కాడ పడిపోయినప్పుడు అదీ నేలదే అవుతుంది.

అక్టోబరు 18

గుర్తు పొర వేసి నలభై మూడు రోజులు. మూతి కోసిన సిరంజితో ఖాళీ దారి కయ్య అంచున కోత తీస్తే, తెల్ల గీత మీద నాలుగు మిల్లీమీటర్ల మన్ను స్పష్టంగా కనిపించింది. చువ్వలు మాత్రం నేల రెండున్నర మిల్లీమీటర్లే లేచిందంటున్నాయి. అమ్మాయి పట్టీ వంగిందేమోనని రెండుసార్లు సరిచూసింది, వంగలేదు. పైన చేరిన నాలుగూ నిజమే, కింద మా పాత మన్ను ఒకటిన్నర మిల్లీమీటర్లు అణగడమూ నిజమే. పేరుకోవడం, ఎత్తు పెరగడం రెండూ ఒకటి కాదు. సముద్రమట్టం పెరుగుతున్నప్పుడు చిత్తడి మునుగుతుందా తేలుతుందా అన్నది రెండో అంకె చెబుతుంది, అందుకే ఆ రంగంలోనివారు పొడి పొరనూ పుల్లల చేతినీ ఒకే చోట వాడతారు.

పేరుకున్నదానిలో మన్నెంత, జీవపదార్థం ఎంత అన్నది తెలుసుకోవడానికి స్నేహితుడి ప్రయోగశాల కొలిమిలో 550 డిగ్రీల దగ్గర కాల్చి చూశాము. జమ్ము దారి మన్ను 14 శాతం బరువు కోల్పోయింది. అయితే ఆ వేడికి బంక మన్ను తన స్ఫటికంలో ఇమిడిన నీటిని కూడా వదులుతుంది, కనుక మా కోసపేట మన్నును విడిగా కాల్చాము. అది 6 శాతం తగ్గింది. మిగిలిన ఎనిమిదే జీవపదార్థమని రాసుకున్నాము. నిజమైన చిత్తడుల్లో ఈ పాలు సాధారణంగా ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడ ఏళ్ల తరబడి వేళ్లు నేల లోపలి నుంచి దాన్ని ఉబ్బిస్తాయి. మా వేళ్ల వయసు ఆరు వారాలు.

ఆ ఏళ్ల లెక్కను అక్కడివారు రేడియోధార్మికతతో తీస్తారు. గాలిలోంచి నేల మీదికి ఎడతెగక రాలే సీసం-210 సుమారు 22 ఏళ్లకు సగమవుతుంది. అణు పరీక్షల సీజియం-137 రాలడం 1963 ప్రాంతంలో పతాకస్థాయికి చేరింది కాబట్టి కోతలో ఆ శిఖరం కనిపించిన లోతు ఆ ఏటి నేల. చెసపీక్ చిత్తడుల లోతు కోతల్లో వలసవాసులు అడవులు నరికి దున్నిన కాలం నాటి మేటలు మందంగా కనిపిస్తాయి. కొండ మీది నాగలి మొగ దగ్గరి నేలను కట్టిందన్నమాట.

అక్టోబరు 27

నిన్న రాత్రి మా తొట్టిలో అనుకోనిది జరిగింది. ఫోటోల కోసం పై రేకు తీసి మరిచిపోయాము. పదకొండింటికి కరెంటు పోయింది. మామూలుగా కరెంటు పోతే రెండు టైమర్లూ ఒకేసారి ఆగుతాయి కనుక పోటు పాటుల వరస తప్పదు. నిన్న అవి ఆగిన గడిలో వాల్వు తెరిచి ఉన్నది, అంటే తొట్టి రాత్రంతా పాటు మీదే, నేల బయటపడి ఉండిపోయింది. ఆ నేల మీద తెల్లవార్లూ ఈశాన్య రుతుపవనపు వాన.

పొద్దున చువ్వలు దించితే ఖాళీ దారి కయ్య అంచు రెండు మిల్లీమీటర్లు కోసుకుపోయి ఉంది. నలభై మూడు రోజులు కష్టపడి లేచిన రెండున్నరలో రెండు ఒక్క రాత్రికి పోయాయి. చినుకు తాకిన చోటల్లా చిన్న గుంటలు, పాచి పొర చిరిగి అంచులు లేచి ఉన్నాయి. జమ్ము దారిలో పోయినది అర మిల్లీమీటరు లోపే. ఆకులు చినుకును విరిచాయి, పడిన ఎండుకాడలు నేలను కప్పాయి. చలిదేశాల మంచినీటి చిత్తడుల్లో ఏటికేడు మొలిచే మెత్తటి మొక్కలు శీతాకాలానికి కుళ్లి మాయమై నేల బోసిపోతుందని, అప్పుడు కొంత మేట కోతకు గురవుతుందని చదివి ఉన్నాను. పాటు వేళ కురిసే వాన పోటు కంటే గట్టి కోత కోయగలదని మాత్రం ఈ రోజే చూశాను.

నవంబరు 8

పోయిన మన్ను ఎటు పోయిందన్నది అమ్మాయి పట్టుదల. అది డ్రమ్ములోనే ఉన్నది. వాన మర్నాడు లీటరుకు 640 మిల్లీగ్రాములు తేలింది. అందుకే ఈ విడతలో కొత్త మన్ను చిటికెడు కూడా కలపకుండా, ఉన్న నీటినే ఎనభై పోట్లు తిప్పాము.

నీరు రోజురోజుకూ తేటపడుతూ వచ్చి, పదో రోజుకు 110కి దిగింది. ఖాళీ దారి వెనుక గట్టు పలక మీద 1.9 గ్రాములు చేరింది. వాన నీటి విడతల్లో ఆ పలక ఇంత బరువు ఎప్పుడూ తూగలేదు. కయ్య అంచు పలకల తూకం రేపు. అవి ఇంకా ఆరలేదు, మబ్బు విడవడం లేదు.